పీపాలోని కాలము

చిరకాలము బడిలో వ్యాకరణము చెప్పిన నేను విస్కీని గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. నేను దాని రుచి యెఱుగను. మిమ్ము చూడుమనియు చెప్పను. ఒక వస్తువునకు కాలము గౌరవమెట్లు తెచ్చునో తెలుపుటయే నా యుద్దేశము.

స్కాట్లండు ఉత్తరభాగమున లివెట్ అను చిన్న యేరు పాఱుచున్నది. ఆ లోయకు గ్లెన్‌లివెట్ అని పేరు. మొలకెత్తించిన బార్లీతో మద్యము కాచుట ఆ దేశమున ప్రాచీనవిద్య. 1494 నాటి రాజుగారి ఖజానా లెక్కలలో జాన్ కోర్ అను క్రైస్తవ సన్న్యాసికి ‘జీవజలము’ చేయుటకై మొలకబార్లీ యిచ్చినట్లున్నది. తరువాతి కాలమున పన్నులు హెచ్చినకొలది ఈ విద్య కొండలలో దాగినది. గ్లెన్‌లివెట్ దొంగబట్టీలకు నెలవైనది.

1823లో పార్లమెంటు పన్ను తగ్గించి, 10 పౌన్ల రుసుముతో లైసెన్సు నిచ్చు చట్టము చేసెను. మఱుసటియేడే జార్జి స్మిత్ అను కౌలురైతు లైసెన్సు పొందెను. ఇరుగుపొరుగువారు దీనిని ద్రోహముగా నెంచి, బట్టీతోపాటు అతనిని గూడ తగులబెట్టుదుమని బెదిరించిరి. అబర్లూరు భూస్వామి యొసగిన రెండు పిస్తోళ్లను నడుమున దోపుకొని యతడు చాలకాలము తిరిగెను. చట్టమునకు లోబడుటకే ఆయుధము కావలసిన దినములవి!

ఇక పీపా సంగతి. బట్టీనుండి దిగిన మద్యము నీటివలె వన్నె లేనిది. పీపాలు మొదట సరకు మోయుటకే. స్పెయిను దేశపు షెర్రీ ద్రాక్షమద్యము బ్రిటనుకు పీపాలలో వచ్చెడిది. ఖాళీయైన వానిని పొదుపునకై విస్కీకి వాడిరి. ఓకు కఱ్ఱ వన్నెను, పరిమళమును ఇచ్చినది, ఘాటు నణచినది. ఏటేట నూటికి రెండుపాళ్ల వంతున ఆవిరియగుదానిని అచ్చటివారు ‘దేవదూతల భాగము’ అందురు. అమెరికాలో బూర్బను విస్కీకి లోపల కాల్చిన క్రొత్త ఓకు పాత్రయే వాడవలెనని చట్టము. అందుచే ఒకసారి వాడిన పీపాలు నేడు విరివిగా స్కాట్లండు చేరుచున్నవి. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915లో, రెండేండ్లయినను నిలువయుంచవలెనని శాసించిరి. మఱుసటియేడు దానిని మూడేండ్లు చేసిరి. నేటికిని అంతకు తక్కువ మాగినది స్కాచి విస్కీ యనిపించుకొనదు.

మన వైద్యులును ద్రాక్షారిష్టమును కుండలో పోసి, చీలమన్ను చేసి, కదలింపక యుంతురు. ఐతే కుండ కాపాడునే కాని తనది కలుపదు. ఓకు పీపా తన సారమును గూడ ఇచ్చును. పొదుపునకై తెచ్చిన పాత్రయే తుదకు వస్తువునకు ప్రాణమైనది.

స్మిత్ 1871లో గతించెను. బట్టీ కుమారుని చేతికి వచ్చెను. ఇరువదియేండ్ల పీపాను నింపినవాడు దాని బిరడా తీయు దినమున ఉండకపోవచ్చును. ఐనను శ్రద్ధతోనే నింపవలెను. పిల్లలచేత అక్షరములు దిద్దించినవాడను గనుక ఈ ధర్మము నాకు క్రొత్త గాదు.