‘కంటే’ మోసే బరువు
‘తిరుత్తణి మెట్లకంటే తిరుమల మెట్లు కష్టం’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో రాయబోయినప్పుడు తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు తెలుగువాళ్ళ కలం రెండు చోట్ల జారుతుంది. ‘డిఫికల్ట్ దేన్’ అని ‘మోర్’ను మింగేస్తుంది, లేదా ‘మోర్ హార్డర్’ అని దాన్ని అదనంగా తగిలిస్తుంది. తప్పు అజాగ్రత్తది కాదు, ‘కంటే’ది. ‘కను’ ధాతువు నుంచి పుట్టిన ఈ మాటకు మొదటి అర్థం ‘చూస్తే’. ‘కన్నా’ దీని తోబుట్టువు. పోలిక బరువంతా అదే మోస్తుంది కాబట్టి ‘కష్టం’ రూపం మారదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అలా చేరాక బడి భాష అరవమైతే ఈ అలవాటు పోవాలి కదా అనవచ్చు. పోదు. అరవంలోనూ ‘విడు’ నుంచి వచ్చిన ‘విడ’, ‘చూపు’ అనే అర్థమున్న ‘కాట్టు’ నుంచి వచ్చిన ‘కాట్టిలుం’ ఆ పనే చేస్తాయి. విశేషణం అక్కడా కదలదు. ‘ఇంకా కష్టం’ అంటాం కదా అంటే, ఆ ‘ఇంకా’ ఐచ్ఛికం. దాన్ని ‘హార్డర్’ మీద పెట్టడం వల్లే రెండో తప్పు. షేక్‌స్పియర్ నాటకాల్లో ఇలాంటి జంట రూపాలున్న మాట నిజమే, కానీ నేటి రాత ఇంగ్లీషు వాటిని ఒప్పదు: ‘హార్డర్ దేన్’, లేదా ‘మోర్ డిఫికల్ట్ దేన్’.