కుక్కకు పెట్టిన కూడు

ఉగాది సంచికకు చరిత్ర విషయమేదైన వ్రాసి యిమ్మని మన సంఘము కార్యదర్శిగారు సెలవిచ్చినప్పుడు నాకు అదియమాను కోటగాని, బారామహలు కోటలుగాని తోచలేదు. మా పార్సెలు కౌంటరు వద్ద నిలిచిన ఒక ముసలి కుక్క తోచినది. పెద్దలు నవ్వకుందురుగాక.

కొన్ని నెలల క్రిందటి మాట. హోసూరు వైపు తెలుగువాడు, డెబ్బదియేండ్ల పైబడిన రైతు, ఇల్లు విడిచి కూతురి ఊరికి కాపురము మార్చుచు తన కుక్కను వెంట తీసుకొనిపోవుటకు వచ్చినాడు. రైలులో గదినంతటిని తీసుకొనగల మొదటి తరగతివారికి తప్ప తక్కినవారికి కుక్కను పక్కన కూర్చుండబెట్టుకొను వీలు లేదు. గార్డు పెట్టెలోని కుక్కల గూడే గతి. నీళ్ళు, తిండి యజమానియే చూచుకొనవలెను. లెక్క కట్టి చూడగా ఆయన టిక్కెట్టుకంటె కుక్క రుసుమే ఎక్కువయినది.

“తాతా, ఈ డబ్బు పెడితే అక్కడ ఇంకో కుక్క దొరకదా?” అన్నాను.

“నాకు ఇంకో కుక్క దొరుకుతుంది నాయనా. దీనికి ఇంకో ఇల్లు యాడ దొరుకుతుంది?” అన్నాడు.

మా పుస్తకాలలో జంతువుల విలువకు ఒక వరుస కలదు. యజమాని ముందుగా విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టనిచో, దారిలో హాని జరిగినప్పుడు రైల్వే ఇచ్చు పరిహారమునకు హద్దు ఉన్నది. ఆ వరుసలో ఏనుగు అన్నిటికంటె మీద నున్నది. దాని తరువాత గుఱ్ఱము, ఆ తరువాత ఎద్దు, ఒంటె. కుక్క మాత్రము గాడిద, గొఱ్ఱె, మేకలతో కూడ కడపటి మెట్టున నిలిచినది. కడపటి మెట్టునున్న ప్రాణికి మనుష్యుడు తన తిండిలో పాలు ఎందుకు పెట్టినాడు? ఆ రాత్రి ఇంటికి పోయిన తరువాత కూడ ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

కాపలాకు, వేటకు అని చప్పున చెప్పవచ్చును. పాతకాలపు పల్లెలో కుక్కకు ఖర్చేమున్నది, ఇంత ఎంగిలి సంకటి తప్ప అనియు అనవచ్చును. అది కొంతవరకు నిజమే. పాలు, గ్రుడ్లు, సూదిమందులు, వైద్యుని ఫీజు, ఇవన్నియు పట్టణవాసము వచ్చిన తరువాతి లెక్కలు. కాని రాగిసంకటి కూడ చాలీచాలని ఇండ్లలో ఆ ఎంగిలి ముద్ద ఖర్చు కాదనుట కడుపునిండినవాని మాట. కుక్క లేని ఇంట అది కోడికో, దూడకో, మరుసటి పూటకో ఉపయోగపడును.

ఈ విషయమున మన ప్రాంతపు రాళ్ళు చెప్పు సాక్ష్యము పుస్తకాలకంటె గట్టిది. ధర్మపురి మ్యూజియములో వరుసగా నిలిపియున్న వీరగల్లులను మన పిల్లలు చూచియే యుందురు. తమిళులు వీనిని నడుకల్ అందురు. ధర్మపురి, చెంగము ప్రాంతాలలో ఇవి విస్తారముగ దొరకినవి. 1970 దశకపు మొదటి యేండ్లలో తమిళనాడు పురావస్తు శాఖవారు డాక్టరు ఆర్. నాగస్వామిగారి ఆధ్వర్యమున ఊరూర తిరిగి వీనిని వెదకి, చదివి, అచ్చువేయించినారు. ఎక్కువ రాళ్ళ కథ ఒక్కటే. పొరుగువారు వచ్చి మందను తోలుకొనిపోవుట, ఈ ఊరివాడొకడు అడ్డుపడి చచ్చుట, వాని పేర రాయి నిలుపుట. భారతములో దక్షిణ గోగ్రహణము, ఉత్తర గోగ్రహణము చదివిన మనకు ఇది క్రొత్త కాదు. విరాటుని కొలువులో జరిగినదే ఈ మెట్టపొలాలలో, అడవి అంచున, తరతరాలుగ జరిగినది. ఇక్కడ ఆస్తి అనగా పొలముకంటె ముందు పశువు.

ధర్మపురికి తూర్పున హరూరు దాటి తిరువణ్ణామలై జిల్లాలో ప్రవేశించిన తరువాత ఎడుత్తనూరు అను ఊరున్నది. అక్కడి రాయి పల్లవ మహేంద్రవర్మ 34వ పాలనా సంవత్సరమునాటిది. అనగా ఏడవ శతాబ్దపు తొలినాళ్ళది. మన కడప సీమలోని కలమళ్ళ శాసనము, తెలుగులో మనకు దొరకిన తొలి శాసనమని పండితులనునది, సుమారు 575 నాటిది. రెంటికిని నడుమ కొన్ని దశాబ్దములే. ఎడుత్తనూరు రాతిమీద ఆయుధము పట్టిన వీరుడున్నాడు, వాని వెంట కుక్క ఉన్నది. వీరుని పేరు కరుందేవక్కత్తి. వాడు రాజు కాడు, దండనాయకుడు కాడు, ఒకరి క్రింద ఊడిగము చేసినవాడు. గేదెల మందను కాచుచు దొంగల చేతిలో చచ్చినాడు. వాని కుక్క కోవివన్ దొంగలనిద్దరిని కరచి కావలి నిలిచినదని శాసనము చెప్పుచున్నది.

ఆ రాతికి ఎంత కూలి అయినదో ఎవరును వ్రాయలేదు. బండ తెచ్చుట, చెక్కుట, అక్షరములు తీర్చుట తేరగా జరుగునవి కావు. చచ్చిన పాలేరుకు రాయి నిలుపుటయే గొప్ప. అందులో కుక్క బొమ్మ చెక్కుమని, చెక్కి ఊరుకొనక దాని పేరు కూడ వ్రాయుమని ఎవరో చెప్పియుండవలెను. గేదెలకు పేర్లు లేవు. దొంగలకు పేర్లు లేవు. కుక్కకు మాత్రము ఉన్నది, మహేంద్రవర్మ పేరున్న రాతిమీదనే ఉన్నది. పదునాలుగు వందల యేండ్లుగ ఆ పేరు చెరగలేదు.

ఇది కూలికి తగిన మర్యాద అని మీరనవచ్చును. కోవివన్ తిన్న కూటికి పని చేసినది, యజమానులు ఋణము తీర్చుకొన్నారు. సరియే. ఐతే రెండవ రాయి కథ వినుడు. దానికి ఈ సమాధానము చాలదు.

క్రీస్తుశకము 949లో తక్కోలము వద్ద పెద్ద యుద్ధము జరిగినది. అరక్కోణము నుండి చెంగల్పట్టు పోవు దారిలో తక్కోలము స్టేషను నేటికిని ఉన్నది, బండిలో పోవువారు గమనింపవచ్చును. రాష్ట్రకూట మూడవ కృష్ణుడు, అతని పక్షమున గంగరాజు బూతుగుడు ఒకవైపు, చోళులు ఒకవైపు. చోళ యువరాజు రాజాదిత్యుడు అక్కడ హతుడయినాడు. బూతుగుని కొలువులో మణలేరుడను యోధుడు ఆ యుద్ధమున చూపిన పరాక్రమమునకు ఏలిక మెచ్చి, ఏమి కావలయునో కోరుకొమ్మన్నాడు. ఊళ్ళు కోరుకొను అదను అది. మణలేరుడు రాజుగారి వేటకుక్క ‘కాళి’ని ఇమ్మన్నాడు.

తరువాత ఒకనాడు కాళిని పెద్ద అడవిపంది మీదికి విడిచినారు. పందియు కుక్కయు ఒకదానినొకటి చంపుకొన్నవి. ఆతకూరులో, నేటి మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో, చెల్లేశ్వరుని గుడి ముందర కాళికి రాయి నిలిపినారు. పైభాగమున కుక్కయు పందియు పోరాడుచున్న బొమ్మ, చుట్టును కన్నడ శాసనము. అంతటితో ఆగలేదు. ఆ రాతికి పూజ జరుగుటకై కొంత భూమి విడిచినారు. పూజ చేయు గొరవడు రాతిని అర్చింపక భోజనము చేసిన పాపము తగులునని కూడ వ్రాయించినారు. ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియములో చేరినది. కొన్నేండ్ల క్రిందట నేను దాని ముందు చాలసేపు నిలుచున్నాను. తక్కోలము యుద్ధము సంగతులు తెలుసుకొనుటకు చరిత్రకారులు ఈ శాసనమును మాటిమాటికి చూతురు. వారికి యుద్ధము ముఖ్యము. రాయి నిలిపినవానికి కుక్క ముఖ్యము, యుద్ధము దాని కథలోనికి వచ్చిన ప్రస్తావన మాత్రమే.

ఎడుత్తనూరు రాయి బ్రదికియున్నప్పటి పనికి ప్రతిఫలమనుకొందము. ఆతకూరులో విడిచిన భూమికి ఏ ప్రతిఫలము? చచ్చిన కుక్క మరల వేటాడదు. లాభనష్టాల లెక్క వ్రాయువాడెవడును ఈ పద్దును ఒప్పడు. నేనును లెక్కలు వ్రాయువాడనే కనుక చెప్పుచున్నాను. మణలేరుడు కాళిని ఒక వస్తువుగ కోరలేదనియే నా నమ్మకము. వస్తువైనచో అది చచ్చిన పిదప ఇంకొక కుక్కను కోరియుండును.

ఇది రాజులకు, యోధులకు చెల్లిన విలాసమని అనుకొనువారికి ఇంకొక సంగతి. జర్మనీలో బాన్ నగరము దగ్గర ఓబెర్‌కాసెల్ అనుచోట 1914లో రాతిగనివారు ఒక పురుషుని, ఒక స్త్రీని పూడ్చిన పురాతన సమాధిని కనుగొన్నారు. సుమారు పదునాలుగువేల యేండ్ల నాటిది. వారితో కూడ ఒక కుక్కపిల్ల ఎముకలున్నవి. 2018లో శాస్త్రజ్ఞులు దాని దంతములను పరీక్షించి, అది ఏడు నెలలకు లోపుననే చచ్చినదనియు, అంతకు ముందు కొన్ని వారములు కుక్కపిల్లలకు వచ్చు ‘డిస్టెంపరు’ వంటి జబ్బుతో మరల మరల పడి లేచినదనియు తేల్చినారు. ఎవరో దగ్గర కూర్చుండి నీళ్ళు పట్టి, వెచ్చగ కప్పి, శుభ్రము చేయకపోయినచో అన్నాళ్ళు బ్రదుకజాలదట. వ్యవసాయము లేదు, కాచుటకు మంద లేదు. దినము గడచుటయే గండమైన ఆ కాలమున వేటకు రాని, కాపలాకు రాని రోగిష్టి పిల్లకు ఆ చాకిరి చేసినారు.

ఖర్చులో డబ్బొక్కటే లేదు. ఈ మాట నేను చెప్పుటకు తగుదును. ఏడేండ్లప్పుడు నన్ను పిచ్చికుక్క కరచినది. ఆ రోజులలో గొఱ్ఱె మెదడునుండి తీసిన మందును నాభి చుట్టు దినమునకొకటి చొప్పున పొడిచెడివారు. మా నాయన భుజముమీద ఎత్తుకొని తీసుకొనిపోవుచుండగ ఆస్పత్రి వీధి మొగ వచ్చునప్పటికే నేను ఏడ్పు మొదలుపెట్టెడివాడను. పాస్టరు ఫ్రాన్సులో ఈ వైద్యమును కనుగొన్నది 1885లో. దక్షిణాదివారికి అది అందుటకై నీలగిరులలోని కూనూరులో పాస్టరు సంస్థ వెలసినది 1907లో. 2004 తరువాత మన దేశమున ఆ పాత మందును మానినారు. ఇప్పుడు చేతికి కొద్దిపాటి సూదులతో సరిపోవుచున్నది. ఐనను నేటికిని ఏటా వేలమంది ఈ రోగముతో పోవుచున్నారు, వారిలో పిల్లలు తక్కువ కాదు. కుక్కను పెంచువాడు దానికి టీకా వేయింపనిచో వానిని నేను దయగలవాడనను. ఆ సంవత్సరమునుండి మా నాయన కుక్కను గడప తొక్కనీయలేదు. పోయిన సంవత్సరము మా అబ్బాయి వీధినుండి ఒక పిల్లను ఎత్తుకొని వచ్చినప్పుడు నేనును మొదట ఆ మాటయే అన్నాను. మూడవనాటికి దానికి పాలు పోయుచుండగ మా ఇంటిదానికి పట్టుబడితిని.

మనము వలస వచ్చినవారము కనుక ఒక వలస కుక్కను కూడ తలచుకొనవలెను. విజయనగర కాలమున ఆంధ్రదేశమునుండి దక్షిణమునకు పోయి స్థిరపడిన తెలుగు రాజుల ఊరు రాజపాళయము. వారు పోషించిన తెల్లని వేటకుక్క ఆ ఊరి పేరనే లోకమెరుగును. పాలవంటి ఒడలు, గులాబిరంగు ముక్కు. పూర్తి తెలుపు కొరకు పట్టుబట్టి పెంచుటచేత కొన్ని పిల్లలకు పుట్టుచెవుడు వచ్చునట. అందము కోరినవాడు మనుష్యుడు, బాధపడునది కుక్క. 2005 జనవరి 9న తపాలా శాఖవారు నాలుగు దేశవాళి కుక్కల తపాలాబిళ్ళలు వెలువరించినప్పుడు అందులో ఒకటి దీనికి దక్కినది. కొల్లేరు ప్రాంతపు జోనంగికి ఆ భాగ్యము కలుగలేదు. మొరుగుటకు మారు ఒక విధముగ రాగము తీయు ఆ పొట్టివెండ్రుకల కుక్క బాతుల మందలను తోలెడిది. చేపల చెరువులు వచ్చి బాతులు తగ్గినవి, బాతులతో అదియు తగ్గినది. పనికొరకే పెంచిన కుక్కకు పని పోయిన తరువాత ఏమగునో దానిని చూచి తెలుసుకొనవచ్చును.

మన పెద్దలకు ఈ చర్చ తెలియనిది కాదు. నన్నయ ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు యాగశాలలో సరమ కొడుకును, ఏ తప్పు చేయని కుక్కపిల్లను, కొట్టుటతో కథ ఎత్తుకొనును. తిక్కన మహాప్రస్థానికమున ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలుచును. ఈ చుట్టుపట్ల ధర్మరాజు గుళ్ళలో భారతము విన్న పల్లెవారికి ఇది కంఠతా వచ్చును. అదియమాన్‌కోటలో కాలభైరవునికి బహుళాష్టమినాడు బూడిదగుమ్మడి దీపములు పెట్టు జనము ఆయన వాహనమునకు కూడ దండము పెట్టియే వత్తురు. బయటికి వచ్చి వీధికుక్కను రాతితో కొట్టువారును వారిలో ఉందురు, అది వేరు సంగతి.

ఆ ముసలాయన సంగతి పూర్తి చేయవలెను. ఫారములో విలువ అనుచోట ఏమి వేయమన్నారని అడిగినాను. ఆయనకు అర్థము కాలేదు. వివరించిన తరువాత, “ఏమేస్తే ఏముంది, నీ ఇష్టం” అని ఊరకున్నాడు. డబ్బు లెక్కించి ఇచ్చినాడు, మడతలు పడిన పది రూపాయల నోట్లు. రసీదు తీసుకొని రెండడుగులు పోయి మరల వచ్చి, “దాని పేరు రాసినావా?” అన్నాడు. పేరుకు ఫారములో గడి లేదు. గొలుసుకు కట్టు చీటీమీద బండి నంబరు, చేరవలసిన స్టేషను వ్రాసి, వాని క్రింద పెన్సిలుతో ‘మల్లి’ అని వ్రాసినాను.