ఒంగోలు తొలి క్రైస్తవుల కూడికలు

ఒంగోలులో తొలితరం క్రైస్తవులు కూడిన చోటికి గోడల్లేవు, కప్పూ లేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఊరి పక్క కొండెక్కి మోకరించారు. అదే ఇప్పటి ప్రార్థన కొండ.

ఇదేమీ వింత కాదు. మొదటి శతాబ్దపు ఫిలిప్పీలో పౌలు జనాన్ని కలిసింది ఏటి ఒడ్డున. కొరింథు, రోమా నగరాల్లో కూడికలు ఇళ్లలోనే జరిగేవి. సిరియాలోని దూరా యూరోపస్‌లో మూడో శతాబ్దపు ఇల్లొకటి తవ్వకాల్లో బయటపడింది. రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేసుకున్నారు. మరో గదిలో బాప్తిస్మపు తొట్టి, చుట్టూ గోడలకు బొమ్మలు. 256 ప్రాంతంలో కోట ముట్టడి వేళ మట్టికట్ట కింద పడబట్టే అది మిగిలింది.

ఒంగోలు ప్రాంతంలో అలా కూడికలకు ఇచ్చేందుకు పెద్ద ఇళ్లున్నవారు తక్కువ. చేరినవారిలో ఎక్కువమంది ఊరి వెలుపల బతికిన మాదిగలు. 1867 జనవరిలో తాళ్ళకొండపాడు తోపులో మిషనరీ జాన్ క్లౌ డేరా వేస్తే, చుట్టుపక్కల పల్లెల జనం తిండి మూటలతో వచ్చి రోజుల తరబడి చెట్ల కిందే ఉన్నారు. వారిని కూడగట్టినవాడు తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య. ఆ విడతలో 28 మంది బాప్తిస్మం పొందారు.

ధాత సంవత్సరపు కరువు తరవాత చేరేవారు పెరిగి ఏ గుడీ చాలని పరిస్థితి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.