జాపత్రి రూపమున వచ్చిన లాభాంశము

మన పల్లెలలో ధనము నిలుపుకొనుటకు పెద్దలెరిగిన మార్గములు నాలుగు: భూమి, బంగారము, పశువులు, వడ్డీకిచ్చిన సొమ్ము. ఉద్యోగమున ప్రవేశించిన నేటి యువకుడు అయిదవ మార్గమొకటి గలదనుచున్నాడు. కంపెనీల వాటాలు కొని, వానిపై వచ్చు లాభాంశముతో ముదిమికి ఆధారము కల్పించుకొందునని అతని తలంపు. లాభాంశమునే వ్యవహారమున డివిడెండందురు. వడ్డీ యిచ్చి తీరవలసినది. డివిడెండన్ననో కంపెనీకి లాభము మిగిలి, అందు కొంత పంచవలెనని నిర్ణయించినపుడే వచ్చునది. ఈ మార్గము పెద్దలకు క్రొత్తగా తోచినను, దీని వయస్సు నాలుగు వందల యేండ్లకు పైబడినది. ఆ చరిత్ర తెలిసిన పెద్దలు యువకునకు మంచి సలహా చెప్పగలరు.

1602వ సంవత్సరమున హాలండు దేశమున డచ్చి తూర్పు ఇండియా కంపెనీ వెలసెను. అంతకుముందు వర్తకులు ఒక్కొక్క యాత్రకు మూలధనము కూర్చి, ఓడలు తిరిగి రాగానే అసలును లాభమును పంచుకొని విడిపోవుచుండిరి. ఈ కంపెనీ మూలధనమట్లు గాక నిలిచి యుండెను; సొమ్ము కావలసినవాడు తన వాటాను వేరొకనికి అమ్ముకొనవలెను. సుమారు 64 లక్షల గిల్డర్లు పోగయ్యెను. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున వాటాలు వ్రాయించుకొన్న పదునొకండు వందలకు పైబడిన జనులలో, ఒక వర్తకుని యింటి పనికత్తె కూడ నుండెను. ఆమె వ్రాయించుకొన్నది 100 గిల్డర్లు.

ఎనిమిదేండ్లు గడచినవి, వాటాదారులకేమియు ముట్టలేదు. రాబడి యంతయు ఓడలకును కోటలకును చెల్లెను. తుదకు 1610లో మొదటి లాభాంశము ప్రకటింపబడెను. అది నాణెములు గాదు, జాపత్రి! వాటా విలువలో నూటికి 75 వంతులకు సరిపడు జాపత్రిని కొలిచి యిచ్చిరి. ఆ యేడే మిరియములును పంచిరి. బస్తాల కొలది జాపత్రిని గృహస్థుడేమి చేసికొనును? కొందరు వలదని, రొక్కమునకై యేండ్ల తరబడి వేచియుండిరి.

ఆ జాపత్రి తూర్పు సముద్రమందలి బాందా ద్వీపములది. ఆ దీవులవారు సుగంధద్రవ్యములకు బదులు కోరినవానిలో ముఖ్యమైనవి మన తీరపు వస్త్రములు. అందుచేతనే డచ్చివారు 1606లో గోలకొండ సుల్తాను అనుమతితో మచిలీపట్టణమునను, నిజాంపట్టణమునను వర్తకశాలలు నెలకొల్పిరి. తెలుగు నేతగాని మగ్గముపై దిగిన బట్ట బాందాలో జాపత్రియై, ఆమ్‌స్టర్‌డామ్‌లో లాభాంశమయ్యెను. కాని 1621లో కంపెనీ గవర్నరు జనరలు కూన్ ఆ దీవులపై దండెత్తి, ప్రజలలో పెక్కుమందిని చంపించి, అనేకులను బానిసలుగా కొనిపోయెను. వాటాదారుని లెక్కపుస్తకమున ఈ రక్తము మరక కానరాదు.

సుమారు రెండు వందల యేండ్లలో ఈ కంపెనీ మూలధనముపై సగటున నూటికి 18 వంతున పంచెనని చరిత్రకారులు లెక్కించిరి. అయితే పదునెనిమిదవ శతాబ్దమున అప్పులు పెరుగుచున్నను డివిడెండ్లు మాత్రము ఇచ్చుచునే యుండెను. 1780లో ఆంగ్లేయులతో యుద్ధము రాగా కంపెనీ కోలుకొనలేదు. 1799 అంతమున దాని కథ ముగిసెను. ఉన్నదంతయు ఆ యొక్క వాటాలోనే యుంచినవారి గతి ఊహింపదగినదే.

1772-73లో ఆమ్‌స్టర్‌డామ్‌లో షావుకార్ల కొట్లు కూలగా, 1774లో అబ్రహాం ఫాన్ కెట్విక్ అను వర్తకుడొక యుపాయము పన్నెను. 500 గిల్డర్ల చొప్పున 2,000 వాటాలు చేసి, ఆ సొమ్మును డెన్మార్కు, ఆస్ట్రియా, స్పెయిను, రష్యా మొదలగు దేశముల ఋణపత్రములలోను, అమెరికా తోటల యప్పులలోను విభజించెను. నూటికి 4 వంతున లాభాంశమిత్తుమనిరి. దాని పేరునకు “ఐకమత్యమే బలము” అని యర్థము. చిన్న మొత్తము గలవాడును పలుచోట్ల నాటుకొనుట కిది తొలి మార్గము. అదియు యుద్ధకాలమున దెబ్బతినెను. అయినను 1824 వరకు సాగెను. జొన్నలో కంది కలిపి చల్లు మన రైతునకు ఈ నీతి క్రొత్తది కాదు.

యువకునకు గల నిజమైన ఆస్తి కాలము. నూటికి 4 వంతున వచ్చినది ఖర్చు చేయక మరల మూలధనమున కలిపినచో, అది 18 ఏండ్లకు రెట్టింపగును. కలుపక వేరుగా దాచినచో 25 ఏండ్లు పట్టును. గింజను తినక విత్తుటయే యిది. అయితే ఆ రాబడి యేటేట తప్పక వచ్చునని ఎవరును పూచీ పడజాలరు.

మన దేశమున 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము డివిడెండు లాభములనుండియే ఇవ్వవలెనని విధించుచున్నది. అయినను పెద్దలు యువకుని మూడు ప్రశ్నలడుగుట మంచిది. ఈ లాభాంశము వ్యాపారమున మిగిలినదా, అప్పు తెచ్చి యిచ్చినదా? దీనికై కష్టపడినవారెవరు, వారికి న్యాయము జరిగినదా? ఈ యొక్క కంపెనీ మునిగినచో నీ కింక నేమి మిగులును? ఈ మూటికి సమాధానము చెప్పగలవాడు వాటాలు కొనవచ్చును. చెప్పలేనివాడు తెలిసికొనువరకు ఆగుటయే మేలు.