నూనె పట్టిన కొయ్య: లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీ చరిత్రలో సంరక్షణ, ఆధారం

తుపాకుల చరిత్ర ఎక్కువగా ఇనుము చరిత్రగానే రచింపబడింది. గొట్టం, గుండు, మందు అనే మూడింటి చుట్టూనే కాలవిభజన సాగింది. సైనికుని భుజానికి ఆనే కొయ్య, దానిని కాపాడిన నూనె, మైనం అప్రధాన విషయాలుగా మిగిలిపోయాయి. 20వ శతాబ్ది ప్రథమార్ధంలో బ్రిటిష్, భారత సైన్యాలు వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీని ఉదాహరణగా గ్రహించి, దాని కొయ్యపై నిలిచిన నూనెపొరను చారిత్రకాధారంగా చదవవచ్చునని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

1907లో ఆమోదం పొందిన నమూనాలో అక్రోటు కొయ్య గొట్టాన్ని దాదాపు కొనవరకు కప్పి ఉంటుంది. కొయ్య తేమను పీల్చి ఉబ్బినా, ఎండి వంగినా గొట్టంపై ఒత్తిడి మారుతుంది, గురి తప్పుతుంది. కనుక ఇక్కడ నూనె అలంకారం కాదు, ఆయుధం పనితీరులో భాగం. కర్మాగారంలో కొయ్యను అవిసె నూనెలో నానబెట్టేవారు. తరువాత సైనికుడే అరచేతితో ఆ నూనెను మళ్లీమళ్లీ రుద్దేవాడు.

అవిసె నూనెనే ఎంచుకోవడానికి కారణం దాని స్వభావంలో ఉంది. ఆముదం, కొబ్బరి నూనె ఎన్నాళ్లయినా ఆరవు. అవిసె నూనె ఆరుతుంది. తెలుగులో ‘ఆరు’ అన్న క్రియ తడి తొలగిపోవడాన్ని సూచిస్తుంది. ఇక్కడ జరిగేది అందుకు భిన్నం. ఈ నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి, కొంత బరువు పెరిగి, గట్టిపొరగా మారుతుంది. పచ్చి నూనెకు ఇందుకు రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. ఆ పొర నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు. అందుచేత పూత ఒకసారితో ముగిసే పని కాలేదు. తేనెమైనం నీటిని మెరుగుగా అడ్డుకుంటుంది గాని సుమారు 62 నుండి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. వరుసగా కాల్చినప్పుడు వేడెక్కే గొట్టం పక్కన అది నిలవదు. లక్కపూత మెరుస్తుంది, గీతపడితే యుద్ధరంగంలో సరిచేయడం కష్టం. నూనెపూతకైతే గుడ్డపేలిక, అరచేయి చాలు.

ఈ చరిత్రలో భారతదేశానికి రెండు స్థానాలున్నాయి. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఇక్కడి అవిసె గింజలు బ్రిటన్‌లోని హల్ వంటి రేవుల నూనెమిల్లులకు విస్తారంగా ఎగుమతి అయ్యేవి. 20వ శతాబ్ది ఆరంభం నుండి బెంగాలులోని ఇచ్ఛాపూర్ కర్మాగారం తుపాకులనే తయారుచేసింది. అక్కడి తుపాకులలో కొయ్య చీలకుండా అడ్డంగా బిగించిన మర కనిపిస్తుంది. నూనె ఒక్కటే చాలదన్న అనుభవానికి అది గుర్తు.

సమస్య నేటి సంరక్షణలో తలెత్తుతుంది. పాత తుపాకీని సేకరించినవారు నల్లబడిన పొరను గీకి కొత్త నూనె పట్టించడం సాధారణం. మ్యూజియం పరిరక్షకులు అందుకు సమ్మతించరు. గట్టిపడిన అవిసె నూనెను కొయ్యకు హాని లేకుండా తొలగించలేము. కాలక్రమాన అది నల్లబడుతుంది కూడా. అవసరమైతే తుడిచివేయగల సూక్ష్మస్ఫటిక మైనాన్ని వారు వాడతారు. బ్రిటిష్ మ్యూజియంలో 1950లలో రూపొందిన రినైజాన్స్ వ్యాక్స్ ఈ కోవలోనిదే.

వాడుకలో ఉన్నంతకాలం కొయ్యను కాపాడిన నూనె, ఆ వస్తువు ఆధారంగా మారిన తరువాత దానికి హాని చేయగలదు. తాళపత్ర ప్రతిని పరిష్కరించేవారికి ఈ సందిగ్ధం కొత్తది కాదు. లేఖకుని దిద్దుబాట్లను తుడిచివేస్తే పాఠం శుభ్రపడుతుంది, ప్రతి చరిత్ర పోతుంది. పేరు నమోదు కాని సైనికుని చేతిపని ఆ నల్లని పొరలోనే మిగిలింది. దానిని మురికిగా గాక లిఖితంగా పరిగణించడం చరిత్రకారుని బాధ్యత.