బెంగళూరుకు వచ్చే గద్దలు – బీడు భూముల చరిత్ర

ప్రతి సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన బెంగళూరు దగ్గరికి ఉత్తరం నుంచి కొన్ని గద్దలు వలస వస్తాయి. వీటిని ఇంగ్లీషులో హారియర్లు అంటారు, తెలుగులో పిల్లిగద్దలు. కజకిస్తాన్ వంటి దేశాల గడ్డి మైదానాల్లో పిల్లల్ని పెంచి, అక్కడ చలి మొదలయ్యేసరికి వేల కిలోమీటర్లు ఎగిరి మన దేశానికి వస్తాయి. ఎండాకాలం మొదట్లో తిరిగి వెళ్ళిపోతాయి. ఇది సైన్సు పాఠం కదా, చరిత్ర వ్యాసంలో ఎందుకు అని మీరు అడగవచ్చు. ఆ గద్దలు దిగే నేలకు పెద్ద చరిత్ర ఉంది. అందుకే రాస్తున్నాను.

పోయిన అక్టోబరులో మా మామయ్య నన్ను హెసరఘట్టకు తీసుకెళ్ళాడు. అక్కడ అడవి లేదు, ఎటు చూసినా గడ్డే. "ఇక్కడేముంది మామయ్యా?" అని అడిగాను. "కాసేపు ఊరికే నిలబడు" అన్నాడు. కాసేపటికి ఒక మగ గద్ద వచ్చింది. లేత బూడిద రంగు, రెక్కల చివర్లు నలుపు. మామూలు గద్దలాగా పైన తిరగలేదు. రెక్కలు కొంచెం పైకెత్తి, గడ్డిని తాకేంత కిందుగా ఎగురుతూ వెతుకుతోంది. మిడతలు, ఎలుకలు, చిన్న పిట్టలు దాని తిండి. రాత్రి కూడా ఇవి చెట్టు మీద పడుకోవు, గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయని మామయ్య చెప్పాడు. అంటే గడ్డి పోతే వీటికి తిండీ లేదు, పడకా లేదు.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. మైసూరు రాజ్యంలో గడ్డి నేలలకు చాలా విలువ ఉండేది. చిక్కదేవరాజ ఒడెయరు (1673–1704) కాలంలో పశువుల కోసం 'బెణ్ణె చావడి' అనే శాఖ ఉండేది. టిప్పు సుల్తాన్ దానికి 'అమృత మహల్' అని పేరు పెట్టాడు. ఆ పశువుల మేతకు విడిచిన భూముల్ని కావలు అనేవారు. టిప్పు సైన్యంలో ఫిరంగులను లాగింది ఆ ఎద్దులే. అంటే ఆ రోజుల్లో గడ్డి కూడా రాజ్యానికి బలమే.

తర్వాత బ్రిటిషు వాళ్ళ లెక్క వేరు. శిస్తు వచ్చే భూమి మంచి భూమి, శిస్తు రానిది బంజరు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ ఆలోచన పోలేదు. 2000 సంవత్సరంలో హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ సంస్థ తయారు చేసిన బంజరు భూముల అట్లాసులో తుప్పలున్న నేలలు కూడా బంజరు కిందే ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1862లో మొదలుపెట్టి అచ్చు వేయించిన భారతదేశ పక్షుల పుస్తకంలో పక్షుల తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. ఆ పేర్లు పెట్టింది మన పల్లె జనమే. జనం అక్కడ తిరిగే పిట్టలకు పేర్లు పెట్టుకున్నారు, ఆఫీసు మాత్రం ఆ నేలను బంజరు అని రాసుకుంది.

మా తాతది నందికొట్కూరు వైపు. అక్కడికి దగ్గరలోనే రోళ్ళపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఒకప్పుడు చలికాలం సాయంత్రాల్లో అక్కడి గడ్డిలో పిల్లిగద్దలు వందల కొద్దీ దిగేవి. చుట్టూ కాలువ నీళ్ళు వచ్చి, బీళ్ళు పొలాలయ్యాక బాగా తగ్గిపోయాయి. "కాలువ వస్తే మాకు సంతోషమే. కానీ బీడంటే పనికిరాని నేల కాదమ్మా, గొడ్లకు అదే అన్నం" అని తాత అంటాడు. రెండు మాటలూ నిజమే అనిపిస్తుంది నాకు.

హెసరఘట్ట చెరువును 1894లో అర్కావతి నది మీద దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో కట్టారు. బెంగళూరుకు మొదటిసారి పైపుల్లో నీళ్ళు వచ్చింది అక్కడి నుంచే. ఆ పక్కనున్న గడ్డి నేల చాలావరకు పశుసంవర్ధక శాఖ చేతిలో ఉండడం వల్ల మిగిలింది. ఒకసారి ఫిల్మ్ సిటీ కడదామన్నారు. సుమారు 5,000 ఎకరాలను రక్షిత ప్రాంతం చేయాలనే ప్రతిపాదనను 2021 జనవరిలో రాష్ట్ర వన్యప్రాణి మండలి వద్దంది. విషయం హైకోర్టుకు వెళ్ళింది. 2022 అక్టోబరులో అదే మండలి ఒప్పుకుంది. రైతులకు ఇబ్బంది అవుతుందని కొందరు భయపడ్డారు. వాళ్ళ మాట వినాల్సిందే. కానీ గొడ్లు మేసే గడ్డీ, గద్దలు దిగే గడ్డీ ఒకటే కదా.

మనం వనమహోత్సవం రోజు ఖాళీ స్థలం కనిపిస్తే మొక్క నాటాలంటాం. అన్నిచోట్లా అది మంచిది కాదు. నాటే ముందు అక్కడ ఇప్పటికే ఏముందో చూడాలి, అక్కడ గొడ్లు మేపేవాళ్ళను అడగాలి. ఈ అక్టోబరులో వీలైతే మీరూ ఒక పొద్దున హెసరఘట్టకు వెళ్ళండి. గడ్డి తొక్కకుండా దారి పక్కనే నిలబడండి, చాలు. గద్ద కనిపిస్తుంది.