ఇద్దరు ఫైర్‌మన్ల ఇంజన్

మాడుగులపల్లి మండలంలోని కుక్కడం స్టేషన్ బీబీనగర్–నడికుడి లైను మీద ఉంది. ఆ లైనుకు పునాది పడింది 1974లో. చిత్తరంజన్ కార్ఖానాలో ఆవిరి ఇంజన్ల తయారీ ఆగిపోయి అప్పటికే రెండేళ్లు. ఆ లైను మీది మిర్యాలగూడ బియ్యానికి రైలు దొరికేనాటికి, సరుకు లాగడానికే పుట్టిన డబ్ల్యూజీ ఇంజన్ ముసలిదైపోయింది.

పేరులో గుట్టేమీ లేదు. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, జీ అంటే గూడ్స్. ప్రయాణికుల బండ్లు లాగే డబ్ల్యూపీకి ఉన్న బాయిలరే దీనికీ పెట్టారు. తేడా చక్రాల్లో ఉంది. డబ్ల్యూపీకి ఆరు పెద్ద చక్రాలు తిరిగితే, దీనికి అయిదడుగుల చిల్లర ఎత్తున ఎనిమిది. చక్రం చిన్నదైతే వేగం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. తుపాకీ గుండులాంటి మూతి ఉన్న డబ్ల్యూపీనే అందరూ ముచ్చటపడి ఫొటోలు తీశారు. మొండి మొహం డబ్ల్యూజీ మాత్రం దేశం బరువు మోసింది.

1950 నవంబరు 1న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చిత్తరంజన్‌లో తయారైన తొలి డబ్ల్యూజీ ఇంజన్‌ను జాతికి అంకితం చేశారు. నంబరు 8401, పేరు దేశబంధు. మొదట్లో భాగాలు చాలావరకు విదేశాల నుంచే వచ్చాయి. ఇక్కడ తయారైనవి చాలక గ్లాస్గో నుంచి, జపాన్ నుంచి కూడా తెప్పించారు. అమెరికాలో పేరుమోసిన బాల్డ్విన్ కంపెనీ కట్టిన చివరి ఆవిరి ఇంజన్లు కూడా 1955లో మనకు పంపిన సరుకు ఇంజన్లే. 1970లో ‘అంతిమ్ సితారా’తో డబ్ల్యూజీల తయారీ ముగిసింది. మొత్తం 2,450.

తెలుగునేలకు డబ్ల్యూజీతో చుట్టరికం బొగ్గుది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. డోర్నకల్ దగ్గర చీలిన పాయ ఇల్లెందు గనుల వైపు సాగింది. ఆ తరవాతి కాలంలో కాజీపేట, బెజవాడ షెడ్ల డబ్ల్యూజీలు సింగరేణి బొగ్గు కాల్చుకుంటూ ఆ బొగ్గు వ్యాగన్లనే లాగాయి. డ్రైవర్ పక్కన ఇద్దరు ఫైర్‌మన్లు. ఒకరు పెద్ద గడ్డలు పగలగొట్టి బొగ్గు ముందుకు తోస్తుంటే, ఇంకొకరు పారతో పొయ్యిలోకి చల్లాలి. కుప్పగా పోస్తే మంట మూసుకుపోతుంది, పలచబడితే ఆవిరి పడిపోతుంది. ఎండాకాలం ఆ పొయ్యి ముందు నిలబడటం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995 డిసెంబరులో పంజాబ్‌లో ఆగిపోయాయి. బీబీనగర్–నడికుడి లైను పూర్తయి అప్పటికి ఆరేళ్లు.